సూపర్‌మ్యాన్‌కి ఎన్ని వరాలు కావాలి?

మేం మద్రాసులో పెరిగే రోజుల్లో ఎత్తు అంటే ఎల్లైసీ బిల్డింగే. 1959లో మౌంట్ రోడ్డు మీద లేచింది. 177 అడుగులు, అంటే 54 మీటర్లు. కట్టిన కొత్తలో దేశం మొత్తానికి అదే ఎత్తైన మేడ. నెల్లూరు నుంచి చుట్టాలెవరొచ్చినా మెరీనా బీచి, ఎగ్మోర్ మ్యూజియం, ఆ మేడ చూడకుండా తిరుగు రైలెక్కేవాళ్ళు కాదు. మా బాబాయికి మాత్రం ఆ మేడ లెక్కలకి పనికొచ్చేది. బస్సు అటుగా వెళ్తే చాలు, కిటికీలోంచి చూపించి, "సూపర్‌మ్యాన్ దీని మీదుగా దూకాలంటే నేలని ఎంత గట్టిగా తన్నాలో చెప్పమ్మడూ" అని అడిగేవాడు.

ఇది ఎనభైల చివరి మాట. మా ఇల్లు వడపళనిలో. నాన్న స్టూడియోలో లైట్‌మన్. తెలుగు సినిమా అప్పటికే చాలావరకు హైదరాబాదు తరలిపోయింది. అయినా మా వీధిలో మేకప్ వాళ్ళు, ఫైటర్లు, ఎడిటింగ్ అసిస్టెంట్లు, ఇలా తెలుగిళ్ళు బాగానే ఉండేవి. బాబాయి ఒక కాలేజీలో ఫిజిక్స్ డిమాన్‌స్ట్రేటరు. పెళ్ళయ్యేదాకా మాతోనే ఉన్నాడు. ఆదివారం వీసీఆర్ అద్దెకి తెచ్చే బాధ్యత ఆయనది, ఏ క్యాసెట్ తేవాలన్నది అన్నయ్యదీ నాదీ. మా ఓటు ఎప్పుడూ ఎగిరేవాళ్ళకే.

సినిమా నడుస్తుంటే బాబాయి నోరు మెదిపేవాడు కాదు. "మధ్యలో లెక్కలు చెప్పేవాడు సినిమాకి శత్రువు" అనేవాడు. అయిపోయాక మాత్రం డాబా మీదికి వెళ్ళి మొదలుపెట్టేవాళ్ళం. ఆయన పద్ధతి నాకిప్పటికీ నచ్చుతుంది. ఇది సాధ్యమా, కాదా అని అడిగేవాడు కాదు. "సినిమా వాడు మనల్ని ఒక్క వరం అడుగుతున్నాడు. ఇచ్చేద్దాం. వాదన వద్దు. ఇచ్చాక మిగతా లోకమంతా మామూలుగానే నడవాలి. అప్పుడు వాడి గతి ఏమవుతుందో చూద్దాం" అనేవాడు. భస్మాసురుడు చెయ్యి పెట్టిన తల బూడిదవ్వాలని అడిగాడు గానీ, నా తల తప్ప అని అడగలేదు. హిరణ్యకశిపుడు ఇంట్లో కాదు, బయట కాదు, పగలు కాదు, రాత్రి కాదు అని ఎంత జాగ్రత్తగా జాబితా రాసుకున్నా గడప మిగిలిపోయింది, సంధ్య మిగిలిపోయింది. పురాణాల్లో వరమంటే ఎప్పుడూ ఇంతే. ఇచ్చిన మాట అక్షరాలా నడుస్తుంది, అడగనిది అడగనట్టే ఉండిపోతుంది. సూపర్‌హీరోల్ని కూడా ఆ కంటితోనే చూడాలని ఆయన నేర్పించాడు.

ముందు ఎల్లైసీ లెక్క చూడండి. 1938లో అమెరికాలో మొదటిసారి అచ్చయినప్పుడు సూపర్‌మ్యాన్‌కి ఎగరడం రాదు. దూకుతాడంతే. మైలులో ఎనిమిదో వంతు దూరం దూకగలడనీ, ఇరవై అంతస్తుల మేడని దాటగలడనీ రాశారు. మన మేడ 54 మీటర్లే కాబట్టి ఇంకా తేలిక. బాబాయి దీనికి సూత్రాలేమీ రాయించలేదు. "లేవాల్సిన ఎత్తుని, మోకాళ్ళు వంచి నిటారయ్యే దూరంతో భాగించు" అన్నాడు. మోకాళ్ళు వంచితే ఒళ్ళు ఓ అర మీటరు దిగుతుంది. 54ని అరతో భాగిస్తే 108. అంటే తన బరువుకి నూట ఎనిమిది రెట్ల బలంతో తన్నాలి. 75 కిలోల మనిషికి అది ఎనిమిది టన్నులు. నేల వదిలేటప్పుడు వేగం గంటకి 117 కిలోమీటర్లు.

సరే, కండబలం అనే వరం ఇచ్చాం కదా, తన్నాడనుకుందాం. ఆ ఎనిమిది టన్నులు తొడ ఎముక మీదుగా దిగాలి. ఎముక గట్టితనం ఎవరడిగారు? అది రెండో వరం. ఎముక నిలిచినా, రెండు అరికాళ్ళ వెడల్పు మీద ఆ బరువంతా రోడ్డు మీద పడుతుంది. తారు రోడ్డుకి వరమెవరిచ్చారు? సినిమాలో వాడు లేచిపోయాక రోడ్డు చెక్కుచెదరకుండా ఉంటుంది. ఇక్కడికొచ్చేసరికి బాబాయికి ఎక్కడలేని హుషారు వచ్చేది. సుందరకాండ మొదటి సర్గ అందుకునేవాడు. హనుమంతుడు సముద్రం మీదికి లంఘించేముందు మహేంద్రగిరిని కాళ్ళతో అదుముతాడు. కొండ నలిగిపోతుంది, నీళ్ళు పైకి చిమ్ముతాయి, చెట్లు పూలు రాలుస్తాయి, ఆయన లేచిన వేగానికి వేళ్ళతో సహా పెకలి కొంతదూరం వెంట వస్తాయి. "వాల్మీకికి న్యూటన్ మూడో సూత్రం తెలుసని నేననను. అలా అనేవాళ్ళని నమ్మకు. కానీ బలంగా దూకేవాణ్ణి కళ్ళారా చూసిన కవి ఆయన. పైకి లేచేవాడు కింద దేన్నో తొయ్యాలని ఆయనకి తెలుసు" అనేవాడు.

వరాల లెక్కలోనూ హనుమంతుడిదే పైచెయ్యి. ఉత్తరకాండలో చూడండి. ఇంద్రుడి వజ్రం దెబ్బకి పడిపోయిన పసివాడికి దేవతలంతా వరసగా వరాలిస్తారు. వజ్రం ఇక తగలదని ఇంద్రుడు, నీళ్ళ వల్ల చావు లేదని వరుణుడు, తన దండం వల్ల చావు లేదని యముడు, తన తేజస్సులో నూరో వంతు ఇచ్చి సూర్యుడు. బలం ఒక్కటే ఇచ్చి చేతులు దులుపుకోలేదు. ఆ బలంతో బతకడానికి కావలసిన రక్షణలన్నీ కూడా ఇచ్చారు. 1980లో ఎన్టీఆర్ గారి 'సూపర్‌మ్యాన్'లో హీరోకి శక్తులు హనుమంతుడి దయవల్లే వస్తాయి. బాబాయి దృష్టిలో అమెరికా కథ కన్నా ఆ ఏర్పాటే పకడ్బందీగా ఉంది. ఆ మాట ఆయన మనస్ఫూర్తిగా అనేవాడు. నేనూ ఇప్పుడు అలాగే అనుకుంటాను.

1978 హాలీవుడ్ సినిమాలో ఒక దృశ్యం ఉంది. మేడ మీద హెలికాప్టర్ నుంచి హీరోయిన్ జారి పడుతుంది. సూపర్‌మ్యాన్ కింద నుంచి ఎగిరొచ్చి గాల్లోనే పట్టుకుంటాడు. అన్నయ్య, నేను ఆ చోట క్యాసెట్ వెనక్కి తిప్పి తిప్పి చూసేవాళ్ళం. దీని మీద చర్చలో నాన్న కూడా చేరాడు. మామూలుగా ఆయన డాబా మీదికి వచ్చేవాడు కాదు, షూటింగ్ నుంచి వచ్చి పడుకునేవాడు. ఆ రోజు మాత్రం, "అలా పట్టుకుంటే పిల్ల నడుం విరిగిపోదూ?" అన్నాడు. ఫైటర్లు పైనుంచి పడే షాట్లు ఆయన ఎన్ని చూశాడో. కింద ఖాళీ అట్టపెట్టెలు ఒకదాని మీద ఒకటి పేర్చి, వాటిమీద పరుపులు వేస్తారు. మనిషి పడగానే పెట్టెలు ఒక్కో వరసా నలుగుతూ వస్తాయి. గట్టి పెట్టెలు పెడితే ఫైట్ మాస్టరు ఊరుకోడని చెప్పాడు.

బాబాయి ఆ మాట పట్టుకుని లెక్క చేశాడు. పడిన ఎత్తుని ఆగిన దూరంతో భాగించడమే ఇక్కడ కూడా. తొమ్మిది మీటర్ల నుంచి పడి, అట్టపెట్టెల్లో మీటరున్నర దిగబడితే ఆరు రెట్లు. ఒళ్ళు తట్టుకుంటుంది. 54 మీటర్ల నుంచి పడే మనిషిని రెండు చేతుల్లో 30 సెంటీమీటర్లలో ఆపితే 180 రెట్లు. 50 కిలోల మనిషికి తొమ్మిది టన్నులు. నేల మీద పడటానికీ, ఉక్కు చేతుల్లో పడటానికీ పెద్ద తేడా లేదు. పైగా వాడు పైకి వస్తూ పట్టుకుంటున్నాడు, ఇంకా ఘోరం. ప్రేమించినవాడైతే తనూ ఆమెతో పాటు కిందికి దిగుతూ, మెల్లగా చేతుల్లోకి తీసుకుని, కనీసం పది మీటర్ల దూరంలో వేగం తగ్గించుకుంటూ రావాలి. ఈ మధ్య వచ్చే సినిమాల్లో కొందరు హీరోలు అలా దిగుతూ పట్టుకోవడం చూస్తే నాకు ఎంత సంతోషమో. ఎవరో ఆ షాట్ వెనక కూర్చుని ఆలోచించారన్నమాట.

ఆ 1938 బొమ్మల కథలో సూపర్‌మ్యాన్ బలానికి శాస్త్రీయ కారణం అంటూ ఒక ముక్క రాశారు. చీమ తన బరువుకి ఎన్నో రెట్లు మోస్తుంది, మిడత తన పొడవుకి ఎన్నో రెట్లు దూకుతుంది, కాబట్టి మనిషికీ సాధ్యమే అని. దీనికి గెలీలియో 1638లోనే జవాబిచ్చాడు. దేన్నైనా అన్ని వైపులా రెండింతలు చేస్తే కండ, ఎముకల అడ్డుకోత వైశాల్యం, దాంతో బలం, నాలుగింతలవుతుంది, బరువు ఎనిమిదింతలవుతుంది. పదింతలు చేస్తే బలం వంద, బరువు వెయ్యి. చీమ బలమైనది కాదు, చిన్నది. మనిషంత పెంచితే తన ఒళ్ళు తనే మొయ్యలేదు. 'మాయాబజార్'లో ఘటోత్కచుడు ఒళ్ళు పెంచే చోట నేను చప్పట్లు కొడుతుంటే అన్నయ్య, "బాబాయ్, ఈయన మోకాళ్ళ సంగతేంటి?" అని అడగడం నాకు బాగా గుర్తు. అది 1957లో మా వడపళని స్టూడియోలోనే తీసిన సినిమా. బాబాయి, "ఆయన మాయావి, ఆయన్ని వదిలెయ్" అన్నాడు. సైన్సు పేరు చెప్పుకున్న కథనే సైన్సుతో కొలవాలని ఆయన పట్టుదల. మాయ అని ముందే ఒప్పుకున్న కథ జోలికి వెళ్ళేవాడు కాదు.

అదృశ్యమయ్యేవాడి సంగతి రెండు మాటల్లో తేలిపోతుంది. కంటి వెనక రెటీనా వెలుగుని పీల్చుకుంటేనే మనకి చూపు. ఒళ్ళంతా గాజులా వెలుగుని వదిలేస్తే రెటీనా కూడా వదిలేస్తుంది. ఎవరికీ కనబడనివాడికి ఏదీ కనబడదు. మెరుపు వేగంతో పరిగెత్తేవాడికి తిండి సమస్య. 70 కిలోల మనిషి ఒక్కసారి ధ్వని వేగం అందుకోవాలంటే సుమారు వెయ్యి కిలోక్యాలరీల శక్తి కావాలి. మన కండలు తిన్నదాంట్లో నాలుగో వంతునే కదలికగా మారుస్తాయి కాబట్టి నాలుగు వేలు తినాలి. రెండు రోజుల భోజనం, ఒక్క పరుగుకి. ఆగి మళ్ళీ పరిగెత్తాలంటే మళ్ళీ రెండు రోజుల భోజనం.

గామా కిరణాల సంగతి మాత్రం నాకు డాబా మీది కబుర్లలో కలిసేది కాదు.

మూర్ మార్కెట్ 1985లో కాలిపోయాక పక్కకి మారిన పాత పుస్తకాల కొట్లలో అన్నయ్య హల్క్ బొమ్మల పుస్తకాలు కొనేవాడు. 1962లో పుట్టిన పాత్ర. గామా బాంబు పేలి, ఆ కిరణాలు తగిలి మనిషి ఆకుపచ్చ రాక్షసుడవుతాడు. అన్నయ్య ఆ పుస్తకాలు కొనే రోజుల్లోనే మా అత్తకి గర్భాశయ కేన్సరని తేలింది. నెల్లూరు జిల్లాలో మా వాళ్ళకి పెద్ద జబ్బు అంటే మద్రాసే. అడయారు కేన్సర్ ఇన్‌స్టిట్యూట్‌లో చూపించారు. ముత్తులక్ష్మీరెడ్డి గారు 1954లో మొదలుపెట్టిన ఆస్పత్రి. అత్త మా ఇంట్లో ఉండి కరెంటు పెట్టించుకోవడానికి వెళ్ళొచ్చేది. రేడియేషన్‌ని మా వాళ్ళు అలాగే అనేవాళ్ళు. అక్కడ కోబాల్ట్ మిషను. కోబాల్ట్-60 నుంచి వచ్చేవి గామా కిరణాలే.

అన్నయ్య పుస్తకాన్ని నేను పరుపు కింద దాచేశాను. అత్తకి ఏమవుతుందోనని టెన్షన్. అత్త భయం ఇంకోటి. పక్కన పిల్లలు పడుకోవచ్చా, తన పళ్ళెం వేరే పెట్టాలా అని. బాబాయిని పిలిచి, "ఒరే, ఆ కరెంటు నా ఒంట్లో ఉండిపోతుందేమోరా?" అంది. బాబాయి మంచం పక్కన కింద కూర్చుని, "అన్నయ్య లైటు ఆపేశాక సెట్టు మీద వెలుగుంటుందా అక్కా? ఇదీ అంతే. మిషను ఆపగానే అయిపోయింది. పిల్లల్ని పక్కలో వేసుకో" అన్నాడు. ఆ రాత్రి నేను అత్త పక్కనే పడుకున్నాను.

తర్వాత ఆయన నాకు విడిగా చెప్పినవి ఇన్నేళ్ళయినా మరిచిపోలేదు. గ్రే అంటే కిలో ఒంటికి ఒక జౌలు శక్తి అందించే రేడియేషన్ మోతాదు. ఒళ్ళంతటికీ ఒకేసారి నాలుగు గ్రేల గామా తగిలితే, వైద్యం అందకపోతే, సగం మంది బతకరు. 70 కిలోల మనిషికి ఆ మోతాదులో ఉండే శక్తి 280 జౌళ్ళు. ఒక చెంచాడు వేడి కాఫీ తాగితే ఒంటికి అందే వేడి అంత. అంత కొంచెం శక్తి మనిషిని చంపుతుందంటే కారణం వేడి కాదు. అది కణం లోపల డీఎన్ఏ పోగుల్ని తెంపుతుంది. తెగిన పోగుల్ని ఆరోగ్యంగా ఉన్న కణం చాలావరకు అతుక్కోగలదు. ఆగకుండా విభజన చెందే కేన్సర్ కణానికి ఆ తీరిక, ఆ నేర్పు తక్కువ. అందుకే రోజుకి రెండు గ్రేల చొప్పున, కణితి మీదే గురిపెట్టి, వారాల తరబడి ఇస్తారు. అన్నీ కలిపితే యాభై గ్రేల పైమాటే, కానీ అంతా ఆ చిన్న చోటులోనే.

హల్క్ కథలో గామా కిరణాలు ఏదో కొత్తది పుట్టిస్తాయి. నిజానికి అవి తెంపుతాయే తప్ప కట్టవు. పైగా 70 కిలోల మనిషి క్షణంలో అర టన్ను అయితే, ఆ మిగతా 430 కిలోలు ఎక్కడినుంచి వచ్చినట్టు? ఇదంతా తెలిసినా ఆ పుస్తకం మీద నాకు కోపం రాలేదు. అత్త కోలుకుని, మా పెళ్ళిళ్ళన్నీ చేసి, మా పిల్లల్ని కూడా ఎత్తుకుంది. ఆ కిరణాలకి శక్తి లేదని ఎవరైనా అంటే నేనొప్పుకోను. ఏ శక్తి అన్నదే బొమ్మల పుస్తకం వాళ్ళు తప్పు రాశారు.

బాబాయి అప్పట్లో జవాబు చెప్పకుండా వదిలేసిన ప్రశ్న ఒకటుంది. మా వరండా గోడ మీద ట్యూబ్‌లైటు పక్కన బల్లులు. కంచి వెళ్ళినప్పుడల్లా వరదరాజస్వామి గుళ్ళో బంగారు బల్లిని ముట్టుకొచ్చే కుటుంబం మాది, కాబట్టి వాటిని ఎవరూ తరిమేవాళ్ళు కాదు. అది గోడకి ఎలా అంటుకుంటుంది? "జిగురు లేదు, గాలి పీల్చి పట్టుకోవడమూ కాదు. ఇంకా గట్టిగా తేల్చలేదమ్మా" అన్నాడు. పెద్దవాళ్ళకి కూడా తెలియనిది రోజూ మా గోడ మీదే తిరుగుతోందని నాకు ఒళ్ళు పులకరించింది. 2000లో కెల్లార్ ఆటమ్ అనే అమెరికా శాస్త్రవేత్త బృందం టోకే బల్లి పాదంలోని ఒక్క వెంట్రుక పట్టు ఎంతో కొలిచింది. పాదానికి దాదాపు ఐదు లక్షల సన్నని వెంట్రుకలు, ఒక్కోటీ కొసన వందల పాయలుగా చీలి ఉంటుంది. అవి గోడకి ఎంత దగ్గరగా చేరతాయంటే, అణువుల మధ్య ఉండే వాన్ డెర్ వాల్స్ బలాలే పట్టుకోవడానికి సరిపోతాయి. వార్త చదివి బాబాయికి ఫోన్ చేస్తే ఆయనకి ముందే తెలుసు. కాలేజీ లైబ్రరీలో చదివి, నేనెప్పుడు చేస్తానా అని చూస్తున్నాడట.

మరి మనిషి అలా గోడెక్కగలడా? ఇక్కడా గెలీలియో లెక్కే అడ్డం. ఒళ్ళు పెరిగినంతగా అరికాలి వెడల్పు పెరగదు. 2016లో కేంబ్రిడ్జి వాళ్ళు లెక్క వేస్తే, మనిషి బల్లిలా ఎక్కాలంటే ఒంటి మీద 40 శాతం అలాంటి వెంట్రుకలే ఉండాలని తేలింది. అయినా స్టాన్‌ఫర్డ్‌లో 2014లోనే చేతికి తొడుక్కునే పలకలు చేసి, 70 కిలోల మనిషిని నిలువు గాజు గోడ ఎక్కించారు. బరువుని పలక అంతటా సమంగా పంచడమే వాళ్ళు పట్టుకున్న కిటుకు.

స్పైడర్‌మ్యాన్ రెండో సినిమా 2004లో వచ్చినప్పుడు బాబాయి, అన్నయ్య, నేను మౌంట్ రోడ్డులో కలిసే చూశాం. రెండు చేతుల్లోంచి సాలెదారాలు వదిలి రైలు ఆపే దృశ్యం చూసి, ఇది కుదరదని ముగ్గురం అనుకున్నాం. ఆశ్చర్యమేమంటే 2013లో లీసెస్టర్ యూనివర్సిటీ విద్యార్థులు లెక్క కడితే కుదిరింది. రైలుని ఆపడానికి మూడు లక్షల న్యూటన్ల బలం కావాలి. నిజమైన సాలెదారం బిగువు, గట్టితనం వాళ్ళ లెక్కలో అంతకి సరిపోయాయి. దారం పరీక్ష పాసయింది. చేతులే అవ్వలేదు. మూడు లక్షల న్యూటన్లంటే ముప్పై టన్నులు భుజాల మీద. ఆ సినిమాలో రైలు ఆగాక అతను స్పృహ తప్పి పడిపోతాడు, ప్రయాణికులు చేతుల మీద మోసుకెళ్ళి పడుకోబెడతారు. దారానికి వరం దొరికి, ఒంటికి పూర్తిగా దొరకనివాడి కష్టం కళ్ళకి కట్టిన దృశ్యం అది. అందుకే సూపర్‌హీరో సినిమాలన్నిట్లో నాకు అదే ఇష్టం.

బాబాయి ఇప్పుడు నెల్లూరులో ఉంటున్నాడు, రిటైరై చాలా కాలమైంది. ఆదివారం ఫోన్లో ఇంకా ఇవే మాటలు. ఈ మధ్య మేం సినిమాలు వదిలి నిజం మనుషుల్లోకి వచ్చాం. ఫిన్లాండ్ స్కీయింగ్ వీరుడు ఈరో మాంటిరాంటా 1964 ఒలింపిక్స్‌లో రెండు స్వర్ణాలు గెలిచాడు. వాళ్ళ కుటుంబంలో ఒక జన్యువు మార్పు వల్ల ఎర్రరక్తకణాలు మామూలు కన్నా చాలా ఎక్కువ. ఊపిరి ఎక్కువసేపు నిలుస్తుంది, కానీ రక్తం చిక్కబడుతుంది. ఇండొనేషియాలో సముద్రం మీద బతికే బజావ్ జనానికి ప్లీహం (స్ప్లీన్) పొరుగు జనం కన్నా సగానికి సగం పెద్దదని 2018లో తేలింది. నీళ్ళలో మునగగానే ప్లీహం ముడుచుకుని, దాచుకున్న ఎర్రకణాల్ని రక్తంలోకి వదులుతుంది. తరతరాలుగా మునిగి బతికినవాళ్ళకి ప్రకృతి ఇచ్చిన వరం.

నేనీ సంగతి చెప్పగానే ఆయన అడిగిన ప్రశ్న ఇది: "బాగుంది తల్లీ. లోతుకి వెళ్తే నీటి ఒత్తిడి ఉంటుంది కదా, వాళ్ళ చెవుల సంగతేంటి? ఊపిరితిత్తులు నలగవా? దానికి వాళ్ళ దగ్గర ఏముందో చూసి చెప్పు." చెవుల గురించి కొంత దొరికింది. చిన్నప్పుడే చాలామందికి కర్ణభేరి చిరిగిపోతుందట, కొందరు కావాలనే చింపుకుంటారట. ఊపిరితిత్తుల గురించి ఇంకా చదువుతున్నాను.